హ్యారీ పాటర్ అండ్ ద డెత్లీ హాలోస్

హ్యారీ పాటర్ అండ్ ద డెత్లీ హాలోస్, బ్రిటిష్ రచయిత్రి జె. కె. రౌలింగ్ వ్రాసిన ఆంగ్ల నవల. ఏడు నవలల హ్యారీ పాటర్ మాలికలో ఇది చివరిది. 2007 జూలై 21, శనివారం నాడు బ్రిటన్‌లో బ్లూమ్స్‌బరీ, అమెరికాలో స్కొలాస్టిక్, కెనడాలో రెయిన్‌కోస్ట్ సంస్థలు దీనిని ఒకేసారి విడుదల చేశాయి. తొలి 24 గంటలలో ప్రపంచమంతటా సుమారు కోటి యాభై లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. అందులో 83 లక్షలు అమెరికాలోను, 26 లక్షలకు పైగా బ్రిటన్‌లోను అమ్ముడైనవి. బ్రిటిష్ ముద్రణలో 607 పుటలు, అమెరికా ముద్రణలో 759 పుటలు ఉన్నాయి. నవలలో 36 అధ్యాయాలు, వాటి తరువాత ఒక ఉపసంహారం ఉన్నది.

1997లో మొదటి నవల వచ్చినపుడు పదకొండేళ్ళ వయసున్న పాఠకులు చివరి నవల నాటికి ఇరవై ఒకటవ ఏట ఉన్నారు. నవలామాలిక కూడా వారితో పాటే వయసు పెంచుకొన్నది. మొదటి పుస్తకం పిల్లల కథ. ఏడవది యువజనుల కొరకు వ్రాసిన పుస్తకం. దీని ప్రధాన విషయం మరణం. ముందరి ఆరు నవలలకూ హాగ్వార్ట్స్ మాంత్రిక పాఠశాలలో గడిచే ఒక్కొక్క విద్యాసంవత్సరం చట్రంగా ఉండేది. ఇందులో ఆ చట్రం లేదు. కథానాయకుడు బడికి వెళ్ళడు. దాదాపు ఏడాది పాటు అడవులలో గుడారం వేసుకొని తిరుగుతాడు.

పేరు

ఆంగ్లంలో 'హాలో' అనేది పాత మాట. పవిత్రుడు, పవిత్రమైనది అని దాని అర్థం. ఇప్పుడది హాలోవీన్ వంటి కొద్ది పదాలలో మాత్రమే మిగిలినది. 'డెత్లీ' అనగా మరణ సంబంధమైన అని. నవలలో మృత్యువు స్వయంగా ఇచ్చినట్లు చెప్పబడే మూడు వస్తువులకు కలిపి ఈ పేరు. ఇతర భాషలలోనికి తేవడం కష్టమైన పేరు కావడం వలన, మృత్యువు తాలూకు అవశేషాలు అనే అర్థం వచ్చే మరొక పేరును రౌలింగ్ అనువాదకులకు సూచించారు. ఫ్రెంచి, స్పానిష్ అనువాదాలకు ఆ పేరే పెట్టారు. హిందీ అనువాదం పేరు 'హైరీ పాటర్ ఔర్ మౌత్ కే తోహ్ఫే', అనగా మృత్యువు కానుకలు. కథలో మృత్యువు ఆ వస్తువులను కానుకలుగానే ఇస్తుంది కనుక హిందీ పేరు కథకు బాగా అతికినదని చెప్పవచ్చును.

మూడు వస్తువులలో మొదటిదైన 'ఎల్డర్ వాండ్' పేరును తెలుగులో పెద్ద మంత్రదండమని చెప్పడం పొరపాటు. ఇక్కడ ఎల్డర్ అనగా ఐరోపాలో పెరిగే ఒక చెట్టు. ఆ చెట్టు కర్రతో చేసిన దండమని అర్థం.

రచన, విడుదల

రౌలింగ్ ఈ మాలికను మొదలుపెట్టిన కొద్ది నెలలకే, 1990 డిసెంబరు 30న, ఆమె తల్లి మల్టిపుల్ స్క్లిరోసిస్ వ్యాధితో మరణించింది. తాను అటువంటి కథ వ్రాస్తున్నానని రౌలింగ్ తల్లికి అప్పటికింకా చెప్పలేదు. ఆ మరణం పుస్తకాలన్నిటిమీద ప్రభావం చూపినదని ఆమె తరువాత పలుమార్లు చెప్పారు. తల్లిదండ్రులను పోగొట్టుకొన్న బాలుడు అద్దంలో వారిని చూసుకొనే మొదటి నవల నుండి, చనిపోయినవారు వెంట నడవగా అతడు అడవిలోనికి పోయే ఈ నవల వరకు ఆ దుఃఖం కనబడుతూనే ఉంటుంది.

నవల పేరు 2006 డిసెంబరు 21న రచయిత్రి వెబ్‌సైటులో ఒక పదకేళి రూపంలో వెల్లడైనది. విడుదల తేదీని 2007 ఫిబ్రవరి 1న ప్రకటించారు. రచన పూర్తయినది 2007 జనవరి 11న, ఎడిన్‌బరో నగరంలోని బాల్మొరల్ హోటలు 552వ గదిలో. ఆ గదిలో ఉన్న పాలరాతి విగ్రహం వెనుక రౌలింగ్ ఆ సంగతి వ్రాసి సంతకం చేశారు. ఉపసంహారాన్ని మాత్రం చాలా ఏళ్ళ క్రితమే వ్రాసి దాచి ఉంచారు.

కథ ముగింపు ముందుగా బయటపడకుండా ప్రచురణకర్తలు గట్టి కాపలా పెట్టారు. అది పూర్తిగా ఫలించలేదు. విడుదలకు కొద్దిరోజుల ముందే అమెరికా ముద్రణ పుటల ఛాయాచిత్రాలు అంతర్జాలంలోనికి వచ్చాయి. ఒక అమెరికా అంతర్జాల విక్రేత వెయ్యికి పైగా ప్రతులను ముందుగానే కొనుగోలుదారులకు పంపగా స్కొలాస్టిక్ సంస్థ దావా వేసినది. న్యూయార్క్ టైమ్స్, బాల్టిమోర్ సన్ పత్రికలు విడుదలకు ముందే సమీక్షలు ప్రచురించి రచయిత్రి ఆగ్రహానికి గురయ్యాయి. ఫ్రాన్సులో పదహారేళ్ళ విద్యార్థి ఒకడు నవలను తానే అనువదించి అంతర్జాలంలో పెట్టగా 2007 ఆగస్టులో పోలీసులు అదుపులోనికి తీసుకొన్నారు. అధికారిక ఫ్రెంచి అనువాదం అక్టోబరులో గాని రాలేదు.

ముందరి నవల చివర ఆర్.ఎ.బి. అనే పొడి అక్షరాలతో ఒక చిక్కుముడి మిగిలినది. అనువాదాలలో 'బ్లాక్' అనే ఇంటిపేరును తమ భాషలోనికి మార్చుకొన్న డచ్చి, నార్వే పాఠకులకు మూడవ అక్షరం కూడా మారి కనబడినది. ఆ అక్షరం వలన ఆ వ్యక్తి ఏ ఇంటివాడో ఆంగ్ల పాఠకుల కంటే ముందే వారికి తెలిసిపోయినది.

కథాసంగ్రహం

ఈ క్రింది భాగంలో కథ చివరి వరకు చెప్పబడినది.

దుష్ట మాంత్రికుడు వోల్డెమార్ట్ చావును తప్పించుకొనడానికి తన ఆత్మను ముక్కలు చేసి వేరువేరు వస్తువులలో దాచాడు. ఒక్కొక్క ముక్కను వేరుచేయడానికి ఒక్కొక్క హత్య కావాలి. ఇట్లు ఆత్మ దాచిన వస్తువు పేరు హార్‌క్రక్స్. అవన్నీ నశిస్తే గాని అతడికి చావు లేదు. ఈ సంగతి హ్యారీకి చెప్పిన ప్రధానాచార్యుడు డంబుల్‌డోర్ ఆరవ నవల చివరలో మరణించాడు. మిగిలిన వస్తువులను వెదికి నాశనం చేసే పని పదిహేడేళ్ళు నిండుతున్న హ్యారీ మీద పడినది. స్నేహితులు రాన్ వీస్లీ, హెర్మయనీ గ్రేంజర్ అతడికి తోడుగా వచ్చారు.

నవల ఆరంభంలోనే హ్యారీని ఇంటి నుండి తప్పించే ప్రయత్నంలో అతడి గుడ్లగూబ హెడ్విగ్, రక్షకుడైన మూడీ చనిపోతారు. కొద్దిరోజులకు, రాన్ అన్న పెళ్ళి విందు జరుగుతుండగా, మాంత్రిక ప్రభుత్వం వోల్డెమార్ట్ వశమైనదని వార్త వస్తుంది. ముగ్గురూ ఆ క్షణమే పారిపోతారు. మంత్రిత్వశాఖ కార్యాలయంలో మారువేషాలతో ప్రవేశించి ఒక లాకెట్టును సంపాదిస్తారు. దానిని నాశనం చేసే ఉపాయం వారికి తెలియదు. ఆ లాకెట్టును మెడలో వేసుకొన్నవారి మనసు చెడుతుంది. ఆకలి, చలి, అనుమానం పెరిగి రాన్ ఒకనాడు అలిగి వెళ్ళిపోతాడు. తరువాత అతడే తిరిగివచ్చి, గడ్డకట్టిన మడుగులో మునిగిపోతున్న హ్యారీని కాపాడి, అక్కడే దొరికిన కత్తితో లాకెట్టును పగులగొడతాడు.

ఈ సంచారంలో వారికి మూడు హాలోస్ కథ తెలుస్తుంది. ముగ్గురు అన్నదమ్ములు మంత్రబలంతో ఒక ప్రమాదకరమైన నదిని దాటారట. తన చేతికి చిక్కవలసినవారు తప్పించుకొన్నందుకు మృత్యువు లోలోపల మండిపడి, పైకి మెచ్చుకొన్నట్లు నటించి ఒక్కొక్కరికి ఒక కానుక ఇచ్చినది. పెద్దవాడు ఓటమి ఎరుగని మంత్రదండం కోరాడు; దాని గొప్ప చెప్పుకొని ఆ రాత్రే దాని కొరకు హత్యకు గురయ్యాడు. రెండవవాడు చనిపోయినవారిని పిలిచే రాయి కోరాడు; పిలిచిన ప్రియురాలు ఈ లోకంలో ఇమడక బాధపడుతుంటే చూడలేక తానే ప్రాణం తీసుకొన్నాడు. చిన్నవాడు మృత్యువుకు కనబడకుండా కప్పుకొనే వస్త్రం కోరాడు. ముసలితనం వచ్చాక ఆ వస్త్రాన్ని కొడుకుకిచ్చి, మృత్యువును మిత్రునిలా ఆదరించి తనంతట తానే వెంట వెళ్ళాడు. ఆ వస్త్రమే వంశక్రమంలో హ్యారీకి వచ్చిన అదృశ్యవస్త్రం.

శత్రువులకు చిక్కి మాల్ఫాయ్ భవనంలో బందీలైన ముగ్గురిని డాబీ అనే గృహభూతం విడిపిస్తుంది. పారిపోయే క్షణంలో విసిరిన చిన్న కత్తి తగిలి డాబీ మరణిస్తుంది. సముద్రపు ఒడ్డున హ్యారీ మంత్రం వాడకుండా, పలుగు పారలతో తన చేతులతోనే గొయ్యి త్రవ్వుతాడు. నవలలో ఇది ప్రధానమైన మలుపు. అప్పటి వరకు హాలోస్ మీద, ముఖ్యంగా ఓటమి లేని మంత్రదండం మీద హ్యారీకి ఆశ పుట్టి ఉంటుంది. గొయ్యి త్రవ్వుతూ, చెమట కారుస్తూ, ఆ ఆశను విడిచిపెడతాడు. వోల్డెమార్ట్ ఆ దండాన్ని డంబుల్‌డోర్ సమాధి నుండి తీసుకొనబోతున్నాడని తెలిసి కూడా అతడిని ఆపడానికి వెళ్ళడు. హార్‌క్రక్సులను వెదకడానికే నిశ్చయించుకొంటాడు.

గ్రింగాట్స్ బ్యాంకును దోచి ఒక పాత్రను తెచ్చి, డ్రాగన్ మీద ఎగిరి, చివరకు ముగ్గురూ హాగ్వార్ట్స్ చేరుతారు. అక్కడ జరిగిన యుద్ధంలో రాన్ అన్న ఫ్రెడ్, ఒకప్పటి ఉపాధ్యాయుడు లూపిన్, అతడి భార్య టాంక్స్ మరణిస్తారు. మంత్రదండం తనకు పూర్తిగా లొంగడం లేదని తలచిన వోల్డెమార్ట్ దాని అసలు యజమాని స్నేప్ అని పొరబడి అతడిని చంపిస్తాడు. చనిపోతూ స్నేప్ ఇచ్చిన జ్ఞాపకాలలో రెండు సంగతులు బయటపడతాయి. ఆరు పుస్తకాలలో అందరూ శంకించిన స్నేప్, హ్యారీ తల్లి లిలీ మీద చిన్ననాటి నుండి ఉన్న ప్రేమ వలన ఇన్నేళ్ళూ రహస్యంగా ఆమె కొడుకునే కాపాడుతూ వచ్చాడు. డంబుల్‌డోర్‌ను చంపినది కూడా ఆయన కోరిక మీదనే. రెండవది మరింత దారుణమైనది. తల్లి చనిపోయిన రాత్రి వోల్డెమార్ట్ ఆత్మలోని ఒక ముక్క విడివడి పసిబిడ్డ హ్యారీలో చేరినది. హ్యారీ బ్రతికి ఉన్నంత కాలం వోల్డెమార్ట్ చావడు.

అప్పుడు హ్యారీ ఎవరికీ చెప్పకుండా, కత్తి గాని మంత్రదండం గాని ఎత్తకుండా శత్రువు ఉన్న అడవిలోనికి నడుస్తాడు. దారిలో పునర్జీవన శిల సాయంతో తల్లిదండ్రులను, తండ్రి మిత్రులను పిలుస్తాడు. రెండవ అన్నదమ్ముడిలా వారిని వెనుకకు రప్పించడం అతడి ఉద్దేశం కాదు. తానే వారి వద్దకు పోతున్నాడు. వోల్డెమార్ట్ మంత్రం తగిలి పడిపోతాడు. ఆ దెబ్బకు చచ్చినది హ్యారీలో ఉన్న వోల్డెమార్ట్ ముక్క. తిరిగి లేచిన హ్యారీ చివరి ద్వంద్వంలో నిలబడేనాటికి నెవిల్ అనే సహపాఠి పామును నరికి చివరి హార్‌క్రక్స్‌ను అంతం చేసి ఉంటాడు. వోల్డెమార్ట్ చేతిలోని దండానికి నిజమైన యజమాని స్నేప్ కాదు, హ్యారీయే. డంబుల్‌డోర్ చేతి నుండి దానిని ఊడగొట్టినవాడు డ్రేకో మాల్ఫాయ్. డ్రేకోను ఓడించినవాడు హ్యారీ. యజమాని మీదికి పంపిన మృత్యుమంత్రం తిరగబడి వోల్డెమార్ట్ కూలిపోతాడు.

ఉపసంహారం పంతొమ్మిదేళ్ళ తరువాత, కింగ్స్ క్రాస్ రైల్వేస్టేషనులో జరుగుతుంది. హ్యారీ తన రెండవ కొడుకును బడికి పంపుతూ ఉంటాడు. ఆ పిల్లవాడికి డంబుల్‌డోర్ పేరు, స్నేప్ పేరు రెండూ పెట్టి ఉంటారు.

హార్‌క్రక్సులు, హాలోస్

నవల అంతా ఈ రెంటి మధ్య ఎంపిక మీద నడుస్తుంది. హార్‌క్రక్స్ ఇతరులను చంపి తాను చావకుండా ఉండే దారి. హాలోస్ మూడింటినీ సంపాదించినవాడు మృత్యువుకు యజమాని అవుతాడని ప్రతీతి. పైకి చూస్తే ఒకటి చెడ్డది, రెండవది మంచిది అనిపిస్తుంది. కాని యౌవనంలో డంబుల్‌డోర్ హాలోస్ వెంటపడి, గ్రిండెల్‌వాల్డ్‌తో చేయి కలిపి, చెల్లెలి మరణానికి కారకులలో ఒకడవుతాడు. ఏ దారిలోనైనా చావును జయించాలనే కోరిక మనిషిని చెరుపుతుందని కథ చెబుతుంది. మృత్యువుకు యజమాని అంటే చావనివాడు కాదు. చావవలసినదే అని ఒప్పుకొన్నవాడు.

గాంట్ కుటుంబపు ఉంగరంలో ఈ రెండూ ఒకేచోట ఉన్నాయి. దానిలో పొదిగినది పునర్జీవన శిల. వోల్డెమార్ట్ ఆ సంగతి ఎరుగక, అందమైన పాత నగ అనుకొని దానినే హార్‌క్రక్స్‌గా మార్చాడు. పిల్లల కథలను అతడు పట్టించుకొనలేదు. హాలోస్ కథ ఉన్నది పిల్లల కథల పుస్తకంలో.

హార్‌క్రక్సులు ఏడింటినీ ఏడుగురు నాశనం చేస్తారు. దినచర్య పుస్తకాన్ని హ్యారీ, ఉంగరాన్ని డంబుల్‌డోర్, లాకెట్టును రాన్, పాత్రను హెర్మయనీ, పామును నెవిల్ తుదముట్టిస్తారు. కిరీటం శత్రుపక్షపు కుర్రవాడు అదుపు తప్పి రగిల్చిన మంటలో కాలిపోతుంది. హ్యారీలో ఉన్న ముక్కను చంపినవాడు వోల్డెమార్టే.

ముగ్గురన్నదమ్ముల కథకు ఆంగ్లకవి చాసర్ కాంటర్‌బరీ కథలలోని పార్డనర్ చెప్పిన కథ ప్రేరణ అని రౌలింగ్ చెప్పారు. అందులో మృత్యువును చంపుతామని బయలుదేరిన ముగ్గురు దారిలో బంగారం దొరికి దానికొరకు ఒకరినొకరు చంపుకొంటారు. ఈ ఇతివృత్తపు మూలాలను పండితులు బౌద్ధ జాతక కథలలో ఉన్న వేదబ్భ జాతకం వరకు చూపారు. దొంగలు సొమ్ము కొరకు ఒకరినొకరు చంపుకొనగా చివరకు మిగిలిన ఇద్దరిలో ఒకడు కత్తికి, రెండవవాడు విషం కలిపిన అన్నానికి బలి అవుతారు. భారతదేశంలో చెప్పుకొన్న కథ ఇన్ని చేతులు మారి స్కాట్లండులో వ్రాసిన నవల వరకు చేరినదన్నమాట.

ప్రాణం చిలుకలో

తెలుగు పాఠకులకు హార్‌క్రక్స్ ఊహ కొత్తది కాదు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం అతడి దేహంలో ఉండదు. ఏడు సముద్రాల అవతల ఒక చిలుకలో ఉంటుంది. బాలనాగమ్మ కొడుకు బాలవర్ధిరాజు ఆ చిలుకను పట్టితెచ్చి ఫకీరును చంపి తల్లిని విడిపిస్తాడు. పల్లెలలో కథాగానంగా చెప్పుకొన్న ఈ కథ 1942లో కాంచనమాల బాలనాగమ్మగా, గోవిందరాజుల సుబ్బారావు ఫకీరుగా జెమినీ వారి చలనచిత్రమైనది; 1959లో మరల చిత్రంగా వచ్చినది.

దేహం బయట దాచిన ప్రాణాన్ని జానపద విజ్ఞానంలో ప్రత్యేక ఇతివృత్తంగా గుర్తించారు. స్టిత్ థాంప్సన్ సూచికలో దీని సంఖ్య ఇ 710. రష్యా కథలలో కొషేయ్ ప్రాణం గుడ్డులో ఉన్న సూది మొనలో ఉంటుంది. మేరీ ఫ్రేర్ 1868లో ప్రచురించిన 'ఓల్డ్ డెక్కన్ డేస్' సంకలనంలో పంచ్‌కిన్ అనే మాంత్రికుడి ప్రాణం, ఫకీరు ప్రాణం వలెనే, చిలుకలో ఉంటుంది. జేమ్స్ ఫ్రేజర్ 'ద గోల్డెన్ బౌ' గ్రంథంలో పంచ్‌కిన్ కథను ఉదాహరించాడు.

బాలవర్ధిరాజు, హ్యారీ ఇద్దరూ తల్లికి జరిగిన అన్యాయానికి బదులు తీర్చే కొడుకులే. ఒకడు తల్లిని విడిపించగలిగాడు, రెండవవాడికి ఆ అవకాశం లేదు. అంతకంటే పెద్ద భేదం చిలుక విషయంలో ఉన్నది. జానపద కథలో వీరుడు చిలుకను వెదకి మెడ విరిస్తే కథ ముగుస్తుంది. ఈ నవలలో వీరుడు చిలుకలన్నిటినీ ఒక్కొక్కటిగా చంపుకొంటూ వచ్చి, ఒక చిలుక తానేనని తెలుసుకొంటాడు. ఫకీరు చావాలంటే తన మెడ తానే అప్పగించాలి. పాత ఇతివృత్తానికి రౌలింగ్ చేర్చిన ఈ ఒక్క మార్పు వలన మాంత్రికుణ్ణి చంపే కథ ఆత్మార్పణ కథగా మారినది. తెలియని లోకంలోనికి ధైర్యంగా నడిచిపోయే బాలుడంటే తెలుగువారికి కఠోపనిషత్తులో యముని ఇంటికి వెళ్ళిన నచికేతుడు గుర్తుకు రావడం సహజం. అయితే నచికేతుడు యముని మరణ రహస్యం అడిగాడు, హ్యారీ ఏమీ అడగడు.

విమర్శ

న్యూయార్క్ టైమ్స్ పత్రికలో మిచికో కాకుతాని సమీక్ష సహా తొలి సమీక్షలు ఎక్కువగా అనుకూలంగా వచ్చాయి. ప్రతికూలంగా చెప్పబడినవి ముఖ్యంగా మూడు సంగతులు. గుడారంలో గడిచే మధ్యభాగం సాగదీసినట్లు ఉన్నదన్నది మొదటిది. ఇందులో కొంత నిజం ఉన్నా, ఏం చేయాలో తోచక రోజులు గడపడం ఎట్లా ఉంటుందో ఆ అధ్యాయాలే పాఠకునికి తెలియజేస్తాయి. రాన్ వెళ్ళిపోవడం నమ్మదగినదిగా అనిపించేది కూడా అందువలననే. రెండవది, మంత్రదండపు యాజమాన్యం గురించిన చివరి వివరణ కోర్టు వాదనలా ఉన్నదని. ఈ అభ్యంతరం సమంజసమైనది. ఏడు పుస్తకాల పోరాటం ఎవరు ఎవరి చేతి నుండి కర్ర ఊడగొట్టారన్న లెక్క మీద తేలడం పేలవంగానే ఉన్నది. మూడవది ఉపసంహారం గురించి. అందరూ పెళ్ళిళ్ళు చేసుకొని పిల్లలను రైలెక్కించే ముగింపు చాలామంది యువ పాఠకులకు రుచించలేదు.

భారతదేశంలో

లండనులో అర్ధరాత్రి దాటి ఒక్క నిమిషానికి విడుదల కావడం వలన అది భారత కాలమానం ప్రకారం తెల్లవారుజాము 4 గంటల 31 నిమిషాలైనది. అదే ఏడాది కోల్‌కతా సాల్ట్ లేక్‌లో ఒక దుర్గాపూజ సంఘం హాగ్వార్ట్స్ కోట ఆకారంలో పందిరి కట్టగా, రౌలింగ్, వార్నర్ బ్రదర్స్ సంస్థ 20 లక్షల రూపాయలు కోరుతూ ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళారు. లాభాపేక్ష లేని ఉత్సవం కనుక పూజలు ముగిసే వరకు పందిరిని ఉంచుకొనడానికి కోర్టు అనుమతించినది.

హిందీలో ఏడు పుస్తకాలనూ సుధీర్ దీక్షిత్ అనువాదంలో భోపాల్‌కు చెందిన మంజుల్ సంస్థ ప్రచురించినది. తెలుగులో మాలికలోని తొలి నవల 'పరుసవేది' పేరుతో అదే సంస్థ ద్వారా వచ్చినది. అందువలన డెత్లీ హాలోస్‌ను తెలుగువారు ముఖ్యంగా ఆంగ్లంలో చదివారు, లేదా చలనచిత్రం ద్వారా తెలుసుకొన్నారు. హైదరాబాదులో నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతాలు కళాశాలలకు, కోచింగ్ కేంద్రాలకు, నగర కేంద్ర గ్రంథాలయానికి పేరుపడినవి. బషీర్‌బాగ్ దాటితే ఆబిడ్స్‌లో ఆదివారం నాడు కాలిబాట మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఇటువంటి లావుపాటి ఆంగ్ల నవలలు విద్యార్థులకు అందుబాటు ధరలో దొరికే చోట్లలో అది ఒకటి. తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థి మొదటి పుస్తకాన్ని తన భాషలో ముగించిన తరువాత చివరి పుస్తకం చేరడానికి ఆంగ్లమే దారి. పుస్తకాల భాష క్రమంగా కష్టతరమవుతుంది కనుక వరుసగా చదివినవారికి ఆ దారి అంత కఠినంగా ఉండదు.

చలనచిత్రాలు

డేవిడ్ యేట్స్ దర్శకత్వంలో నవలను రెండు భాగాల చిత్రంగా తీశారు. మొదటి భాగం 2010 నవంబరు 19న, రెండవ భాగం 2011 జూలై 15న విడుదలైనవి. భారతదేశంలో రెండవ భాగం ఆంగ్లంతో పాటు హిందీ, తమిళం, తెలుగు అనువాద సంభాషణలతో కూడా ప్రదర్శింపబడినది. ఇది ప్రపంచవ్యాప్తంగా 134 కోట్ల డాలర్లు వసూలు చేసినది. స్నేప్ పాత్ర ధరించిన ఆలన్ రిక్‌మన్‌కు ఆ పాత్ర రహస్యంలో కొంత భాగాన్ని, చివరి నవల రావడానికి ఏళ్ళ ముందే రౌలింగ్ చెప్పి ఉంచారు.

ముగింపులో చిత్రం నవల నుండి రెండుచోట్ల తప్పుకొన్నది. నవలలో చివరి ద్వంద్వం భోజనశాలలో అందరి ఎదుట జరుగుతుంది. చచ్చిన వోల్డెమార్ట్ దేహం మామూలు మనిషి శవం వలె నేల మీద పడి ఉంటుంది. చావు లేనివాడినని చెప్పుకొన్నవాడు అందరివలెనే చచ్చాడని చూపడం రచయిత్రి ఉద్దేశం. చిత్రంలో ఇద్దరూ ఒంటరిగా పోరాడతారు, శవం బూడిదలా గాలిలో కలిసిపోతుంది. నవలలో హ్యారీ గెలిచిన మంత్రదండంతో ఒక్క పని మాత్రం చేసుకొంటాడు: పదకొండవ ఏట కొనుక్కొని, మధ్యలో విరిగిపోయిన తన పాత మంత్రదండాన్ని బాగుచేసుకొని, గొప్ప దండాన్ని డంబుల్‌డోర్ సమాధిలో పెట్టడానికి నిశ్చయిస్తాడు. చిత్రంలో అతడు దానిని విరిచి లోయలో పడవేస్తాడు; పాత దండం ప్రసక్తే లేదు.

తరువాతి రచనలు

నవలలో హెర్మయనీకి డంబుల్‌డోర్ వదిలి వెళ్ళిన కథల పుస్తకాన్ని రౌలింగ్ 'ద టేల్స్ ఆఫ్ బీడిల్ ద బార్డ్' పేరుతో నిజంగానే వ్రాశారు. మొదట చేతితో ఏడు ప్రతులు మాత్రమే తయారుచేశారు. వాటిలో ఒకటి 2007 డిసెంబరులో లండన్ వేలంలో 19 లక్షల 50 వేల పౌన్లకు అమ్ముడైనది. అందరికీ అందుబాటులో ఉండే ముద్రణ 2008 డిసెంబరు 4న వచ్చినది. 2016లో లండనులో ప్రదర్శింపబడిన 'హ్యారీ పాటర్ అండ్ ద కర్స్‌డ్ చైల్డ్' నాటకం డెత్లీ హాలోస్ ఉపసంహారంలోని రైల్వేస్టేషను దృశ్యంతోనే మొదలవుతుంది.